ఒక్క పుల్లా వదలని బుట్ట

మధ్యాహ్నం బీచ్ స్టేషన్లో ఎక్కిన లోకల్ రైల్లో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తీసిన ఫోటో ఒకటి నా ఒళ్లో ఉంది. శైలికలతో, అంటే ఒంటి మీది సన్నని వెంట్రుకల్లాంటి వాటితో, ఈదే ఒక ఏకకణ జీవి గొంతు అది. చుట్టూ కడ్డీలు, ఒక్కో కడ్డీ సన్నని గొట్టాల కట్ట. పక్కన ఖాళీ చేపల గంపతో కూర్చున్న ముసలామె ఫోటో మీదికి వంగింది.

“చేపలు పట్టే బుట్ట కదమ్మా ఇది? ఎవురు అల్లినారు?”

“బుట్ట కాదవ్వా. నీటి చుక్కలో బతికే పురుగు నోరు. కంటికి కనపడదు.”

ఆమె నమ్మలేదు. ఒక్కో కడ్డీనీ తడుముతూ వేలు చుట్టూ తిప్పింది. మళ్లీ మొదలుపెట్టింది.

“ఏం వెతుకుతున్నావవ్వా?”

“మా నాయన బుట్ట అల్లితే ఒక పుల్ల ఇడిచిపెట్టేవాడు. పిల్ల చేప ఆడనించి ఎల్లిపోవాల. ఈడ ఒక్క సందు గూడా లేదే!” చటుక్కున వేలు వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది. “దీన్ని అల్లినోడు పిల్లాజెల్లా లేనోడమ్మా.”

రాయపురంలో దిగిపోయింది. అప్పుడు నవ్వుకున్నాను.

ఆ తర్వాత ప్రయోగశాలలో అలాంటి గొంతులు ఎన్నో చూశాను. కడ్డీలు లెక్కపెడుతున్నానంటూ ప్రతిసారీ ఆ సందు కోసమే వెతికాను. ఎక్కడా లేదు.

ఈమధ్య లెక్కపెట్టేటప్పుడు మైక్రోస్కోప్ తెర మీద వేలు ఆనించడం మానేశాను.