బలం గోలీలు

మొన్న ఆదివారం మహబూబ్‌నగర్‌లో మా ఆడబిడ్డ మనవరాలిని చూసుకోవడానికి మగపెళ్ళివారు వచ్చారు. వాళ్ళు చాయ్ తాగుతుండగానే ఆ పిల్ల తనకు ఫిట్స్ ఉన్నాయనీ, రోజూ గోలీలు వేసుకుంటాననీ చెప్పేసింది. పెద్దవాళ్ళందరం తలలు దించుకున్నాం. నాకు మా చెల్లెలి పెద్దబిడ్డ గుర్తొచ్చింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో దాని పెళ్ళి. చిన్నప్పటినుంచీ ఫిట్స్. మన తరంవాళ్ళకు వేరే చెప్పాలా, ఆ జబ్బు పేరు బయటికొస్తే వెనకున్న ఆడపిల్లకు కూడా సంబంధం రాదని భయం. అందుకే చెల్లెలు ఆ గోలీలను ఖాళీ డబ్బాలో పోసి, అడిగితే బలం గోలీలని చెప్పమని నేర్పి అత్తగారింటికి పంపింది. అల్లుడు మంచివాడు, ఆ మాటే నమ్మాడు.

రెండేళ్ళు తిరక్కుండానే ఒక ఉదయం ఆ పిల్ల పక్క మీద బోర్లా పడి చనిపోయి కనిపించింది. నాలుక కొరుక్కుని ఉండటంతో, మొగుడే దిండు అదిమి చంపాడని మావాళ్ళు గోల చేశారు. పెళ్ళయి ఏడేళ్ళు నిండలేదని తహసీల్దారే వచ్చి పంచనామా చేశాడు, పోలీసులు అల్లుణ్ణి పట్టుకున్నారు. దవాఖానలో శవాన్ని కోసి చూసిన డాక్టరు, ఎవరూ చంపిన గుర్తులు లేవనీ, చావుకు కారణమూ దొరకలేదనీ, ఫిట్స్ ఉన్నవాళ్ళు ఒక్కోసారి నిద్రలోనే ఇలా పోతారనీ, గోలీలు మానితే ఆ ముప్పు ఎక్కువనీ చెప్పి, ఈమెకు ఆ జబ్బుందా అని అడిగాడు. ఆ ముప్పు సంగతి అంతకుముందు మాకు ఏ డాక్టరూ చెప్పలేదు. భయపెట్టడమెందుకని ఊరుకున్నారేమో.

చిన్నదానికి అప్పుడే సంబంధం కుదిరి ఉంది. అయినా చెల్లెలు లేచి డాక్టరు ముందుకు వచ్చింది.

"అల్లుని తప్పేం లేదు సారూ. నా బిడ్డకు చిన్నప్పటి సంది ఫిట్సున్నయి. మేమే దాచినం."

అతణ్ణి వదిలేశారు. చిన్నదాని సంబంధం తప్పిపోయింది. దహనమయ్యాక అల్లుడు అత్త పక్కన వచ్చి కూర్చున్నాడు. కోప్పడతాడేమో అనుకున్నాం.

"బలం గోలీలే అనుకున్న అత్తమ్మా. మొన్న అయిపోయినయంటే, బలానికి పాలు తాగు తియ్ అన్న. ఫిట్స్ గోలీలని తెలిస్తే అప్పుడే పోయి తెచ్చేటోణ్ణి గద."

ఆ మాట విన్నాక మా చెల్లెలు మళ్ళీ మునుపటి మనిషి కాలేదు.

ఆదివారం వచ్చినవాళ్ళు ఇంతవరకూ ఏ మాటా చెప్పలేదు. మా ఆడబిడ్డ మనవరాలిని తిడుతూనే ఉంది. కాలం మారిందంటారు గానీ మారింది పిల్లలే, మనం కాదు. వాదించే ఓపిక నాకిప్పుడు లేదు. ఆ పిల్ల మాత్రం గోలీల అట్టను టీవీ పక్కనే, అందరికీ కనబడేటట్టు పెట్టుకుంటుంది. అది అయిపోవస్తే ఇంట్లో ఎవరో ఒకరు చూసి తెస్తారు.