అమ్మ అడిగిన నూల్‌కోల్

ఆ రోజుల్లో మా ములకలపల్లి మొత్తంలో వృక్షశాస్త్రం చదివినవాణ్ణి నేనొక్కడినే అని నా నమ్మకం. ఎవరూ కాదనలేదు, ఎవరికీ పట్టలేదు కనుక. ఉద్యోగం మాత్రం రాలేదు. రెండువేల మూడో నాలుగో, వానలు వెనకబట్టాక అమ్మ ఖమ్మం దవాఖానాలో నెలరోజులుండి ఇంటికొచ్చింది. (“ఇంటికి తీసుకెళ్లండి, ఏదడిగితే అది పెట్టండి” అన్నాడు డాక్టరు. నేను దాన్ని మంచి వార్త అనుకున్నాను. చదువుకున్నవాణ్ణి కదా.) నోటికి ఏదీ సయించని అమ్మ అడిగింది ఒక్కటే: టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు హాస్టల్లో తిన్న నూల్‌కోల్ కూర. ఖమ్మం మార్కెట్లో కాయ దొరకలేదు గానీ విత్తనాల పొట్లం దొరికింది.

పెరట్లో నారు పోసి, నాటి, రోజూ రెండు పూటలా నీళ్లు పోశాను. నెలన్నరకు కాండాలు నేలకు పైన గుండ్రంగా ఉబ్బాయి, చుట్టూ ఆకులతో. నాన్న వంగి చూశాడు. “ఏందిర ఇది, గడ్డ మట్టిల ఉండక పైకొచ్చి కూసున్నది?” “గడ్డ కాదు నాన్నా, కాండం.” “సరే, నువ్వు సదివినవ్ గద” అని వెళ్లిపోయాడు. పిడికిలంత అయ్యాయి. పెరటి గడప దగ్గర మంచంలోంచి అమ్మ అడిగింది, “అయినయా?” మా ఇంట్లో ఒక రూలుంది. పెరటి మొదటి కాపు కోతపండుగకు చర్చిలో పెట్టాకే ఇంట్లో ముట్టాలి. “పండుగ పదిరోజులే అమ్మా. నీ రూలే గద.” “అవ్, నా రూలే” అంది. ఈలోపు పాస్టరుగారికి జ్వరమొచ్చి పండుగ మూడు వారాలు వాయిదా పడింది. నేను లోలోపల సంతోషించాను. ఇంకా పెరుగుతాయి కదా. “ఒక్కటి కోస్తే దేవుడేమంటడు రా?” అంది అమ్మ ఒకరోజు. “ఏమనడు గని, ఆగితే ఇంకా పెద్దగైతయి” అన్నాను. (మూడేళ్లు చదివిన పుస్తకాల్లో దాని లాటిన్ పేరుంది. ఎప్పుడు కోయాలో లేదు.)

పండుగనాడు చెంబంత కాయను గుమ్మడికాయల పక్కన పెట్టాను. ఆరాధన అయ్యాక వేలంపాటలో ఒక ముసలమ్మ అడిగింది, “ఇది తినేదా, ఆడుకునేదా?” ఎవరూ పాడలేదు. చివరికి నాన్నే పాడి ఇంటికి తెచ్చాడు. కత్తిపీటకు లొంగలేదు. గొడ్డలి తెచ్చాం. లోపలంతా పీచే. కట్టెల పొయ్యి మీద రెండు గంటలు ఉడికించాం. అమ్మ చాలాసేపు నమిలింది. “హాస్టల్ల గూడ గిట్లనే ఉండె” అంది. చాటుగా పీచు తీసి కొంగులో దాచుకోవడం చూశాను. అమ్మ అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. ఈస్టరు నాటికి అమ్మ లేదు.

ఇప్పుడు ఖానాపురం హవేలిలో మా మిద్దె మీద ప్రతి చలికాలం నాలుగు కుండీల్లో నూల్‌కోల్ వేస్తాను. నిమ్మకాయంత కాగానే కోసేస్తాను. “గింత పిందెను ఎవరన్న కోస్తరా? ఇంకో వారం ఆగరాదూ” అంటుంది మా ఆవిడ. న్యాయంగా ఆమె మాటే నిజం. నేను మాత్రం ఆగను. మిద్దె మెట్ల మీద కూర్చుని, ఉప్పద్దుకుని పచ్చిగానే కొరుకుతూ, ఆనాటి వృక్షశాస్త్రజ్ఞుణ్ణి తలుచుకుని కాస్త నవ్వుకుంటాను. చర్చికి రెండో కాయ ఇస్తాను. దేవుడు ఇంతవరకూ ఏమీ అనలేదు.