ఇరవై రోజుల విద్యార్థిని

మొన్నొక ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి కిందికి వస్తుంటే, మెట్ల దగ్గర నిలబడిన అమ్మాయి ఒకతె నా చేతిలో కరపత్రం పెట్టింది. నెల రోజుల్లో గడగడా ఇంగ్లీషు, ఆదివారం ఉచిత డెమో క్లాసు అని ఉంది. నా ఈడు వాళ్లకు ఇలాంటి కాగితాలు కొత్తేమీ కాదు. మనం బతుకుదెరువు వెతుక్కుంటూ ఈ ఊరికి వచ్చిన రోజుల్లో కరెంటు స్తంభాలకు, సిటీ బస్సుల వెనకాల, చివరికి చాయ్ దుకాణం గోడకు కూడా ఇవే అంటించి ఉండేవి. అయినా ఆ కాగితాన్ని పారేయలేక మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఎందుకంటే ఏడాదిపాటు అలాంటి డెమో క్లాసుల్లో జనానికి చూపించిన అమ్మాయిని నేనే.

అమ్మ పోయాక నన్ను సాకింది మా అక్క. నల్గొండ దగ్గరి మా ఊళ్లో తెలుగు మీడియంలో డిగ్రీ అయిందనిపించి, సరూర్‌నగర్‌లో అక్క వాళ్లింటికి వచ్చేశాను. బావ దిల్‌సుఖ్‌నగర్‌లో చెప్పుల దుకాణం పైన రెండు గదులు కిరాయికి తీసుకుని ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేవాడు. ఆయనదీ మా జిల్లానే గానీ, మెట్లెక్కి క్లాసులో అడుగుపెట్టగానే భాష మారిపోయేది. ఇంట్లో ఏందే, ఎట్ల అనే మనిషి అక్కడ ఏమ్మా, ఎలా అనేవాడు. ఉద్యోగాలు చేసుకునే కోస్తా వాళ్ల పిల్లలు ఎక్కువ వచ్చేవారు కాబట్టి అలా మాట్లాడతాడేమో అనుకునేదాన్ని. నాకూ నేర్పుతానన్నప్పుడు ఎంత పొంగిపోయానో చెప్పలేను.

మొదటి వారం నేర్పింది ఇప్పుడు జరుగుతున్న పనిని చెప్పే వాక్యాలు. ఆయన తలుపు తీస్తే నేను ‘హి ఈజ్ ఓపెనింగ్ ద డోర్’ అనాలి. బోర్డు మీద రాస్తే ‘హి ఈజ్ రైటింగ్’ అనాలి. నవ్వకండి, అప్పటిదాకా ఇంగ్లీషు అంటే పరీక్షకు బట్టీపట్టేది మాత్రమే అనుకున్న నాకు, కళ్లెదుట జరిగేది నోటితో చెప్పగలగడం ఒక మహిమలా ఉండేది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మీదుగా వెళ్తూ, హమాలీలు మామిడికాయల బుట్టలు దించుతుంటే, బేరగాళ్లు అరుస్తుంటే, అన్నిటికీ ‘ఈజ్’లూ ‘ఆర్’లూ తగిలించి నాలో నేనే గొణుక్కుంటూ నడిచేదాన్ని.

ఆ తర్వాత ఆదివారాలు మొదలయ్యాయి. కొత్తవాళ్లు ముప్పై నలభై మంది కుర్చీల్లో కూర్చునేవారు. బావ నన్ను ముందుకు పిలిచి, ఈ అమ్మాయి పల్లెటూరి నుంచి వచ్చి ఇరవై రోజులైంది అని చెప్పి, తలుపు తీసేవాడు, నీళ్లు తాగేవాడు, కిటికీ మూసేవాడు. నేను చకచకా చెప్పేదాన్ని. చప్పట్లు పడేవి. మొదటి ఆదివారం అది నిజమే. మరుసటి నెల కూడా ఇరవై రోజులే అన్నాడు, దసరా వెళ్లాక కూడా ఇరవై రోజులే అన్నాడు. నాకది అబద్ధమని తెలియదా అంటే తెలుసు. కానీ బావ కదా, వ్యాపారంలో చిన్న మాట అనుకుని ఊరుకున్నాను. అక్క ప్రతి ఆదివారం నా నెత్తికి నూనె రాసి, గట్టిగా జడ వేసి, ఊరి నుంచి తెచ్చుకున్న లంగా ఓణీయే కట్టించేది. తరువాతి పాఠం ఎప్పుడని అడిగినప్పుడల్లా, పునాది గట్టిగ పడనీయమనేవాడు బావ. లోపలి గదిలో పొద్దున బ్యాచ్ వాళ్లు మిగతా పాఠాలన్నీ నేర్చుకుంటుంటే, నేను బయట ఫారాలు ఇస్తూ కూర్చునేదాన్ని.

ఏడాది నిండాక ఎల్‌బీ నగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో రిసెప్షన్ ఉద్యోగానికి పిలుపొచ్చింది. నేను ధైర్యంగానే వెళ్లాను. బల్లకు అవతల ఇద్దరు కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన మర్యాదగా ‘వాట్ డు యు డూ?’ అని అడిగాడు. నాకు అర్థమైంది ఆ చివరి ‘డూ’ ఒక్కటే. ‘ఐ యామ్ సిట్టింగ్ ఆన్ ద చెయిర్ సార్. యు ఆర్ హోల్డింగ్ ఎ పెన్’ అన్నాను. రెండో ఆయన పక్కకు తిరిగి నవ్వాడు. నేను సరిగ్గానే చెప్పాననుకుని, ‘హి ఈజ్ లాఫింగ్’ అని కూడా అన్నాను. అప్పుడు ఇద్దరూ నవ్వారు.

బస్సెక్కడానికి ముఖం చెల్లక సరూర్‌నగర్ దాకా నడిచాను. బావ అన్నం తింటున్నాడు. నాకు మిగతాది ఎందుకు నేర్పలేదని అడిగితే తల కూడా ఎత్తలేదు.

“నువ్వు మంచిగ మాట్లాడితే ఇరవై రోజుల పిల్లంటే ఎవడు నమ్ముతడే?” అన్నాడు.

నేను అక్క వైపు తిరిగాను. “నీకు తెలుసా అక్కా?”

అక్క చేతిలో గరిటె అట్లాగే ఉంది. “తెలుసు చెల్లె. ఇల్లు గడవాలె గద” అంది.

బావ మాట కన్నా ఆ మాటే నన్ను కోసేసింది. ఆయన పరాయి ఇంటి మనిషి అనుకోవచ్చు, నా జడ అల్లిన చేతుల్ని ఏమనుకోవాలి?

ఆ వారంలోనే ఒకామె క్లాసు మెట్ల దగ్గర నన్ను ఆపింది. మా వైపు ఆమే, భర్త లారీ డ్రైవరు, నాకన్నా పదేళ్లు పెద్దది. “నిన్ను జూసే చేరిన చెల్లె. నువ్వు ఇరవై రోజులల్ల మాట్లాడితివి గద. మూడు నెలలాయె, నాకెందుకొస్తలేదు? నా బుర్రల్నే మన్నున్నదేమో” అంది. నన్ను మోసం చేశారని నాలుగు రోజులుగా ఏడుస్తున్న నాకు, నేను ఎంతమందిని మోసం చేశానో అప్పుడు కనబడింది.

ఆదివారం మళ్లీ నిలబడ్డాను. బావ ఇరవై రోజులన్నాడు, తలుపు తీశాడు. నేను నోరు తెరవలేదు. ఆయన మళ్లీ మూసి మళ్లీ తీశాడు. “నేనొచ్చి ఏడాదైంది. నాకు ఇదొక్కటే వచ్చు” అని తెలుగులోనే చెప్పి, ఆయన తీసిన తలుపులోంచే బయటికి నడిచాను.

ఆ సాయంత్రమే కొత్తపేటలో ఆడపిల్లల హాస్టల్లో చేరాను. హాస్టలు నడిపే ఆవిడ గుంటూరు వైపు నుంచి వచ్చిన రిటైరయిన టీచరు. ఆవిడ దగ్గరికి ఆ లారీ డ్రైవరు భార్యను కూడా తీసుకెళ్లాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ ఆవిడ ఒక్క పూటలో విడమరిచి చెప్పింది. “చూడమ్మాయ్, ఏం చేస్తున్నావంటే మనం ఈ క్షణం సంగతీ చెబుతాం, బతుకుతెరువు సంగతీ చెబుతాం. ఇంగ్లీషువాళ్లు ఆ రెంటికీ రెండు మాటలు పెట్టుకున్నారు. బియ్యం ఏరుతున్నాను, ఇది ఇప్పుడు. హాస్టలు నడుపుతున్నాను, ఇది రోజూ. ఆస్పత్రిలో నిన్నడిగింది ఈ రెండోదే.” ఇంతేనా అనిపించింది. ఇంత చిన్న సంగతి నాకు దక్కకుండా ఏడాది కాపలా కాశారా అని ఆ రోజు వచ్చినంత ఏడుపు, దవాఖానలో నవ్వినప్పుడు కూడా రాలేదు.

ఆ తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, ఆమెకూ వచ్చింది. బావ రెండు గల్లీల అవతల ఇంకో పేరుతో బోర్డు పెట్టాడు. అక్కడ ఇంకెవరినో నిలబెట్టాడని విన్నాను.

ఇప్పుడు కాలం చాలా మారింది. ఇళ్లకు సామాను తెచ్చే పిల్లలు, బట్టల దుకాణాల్లో అమ్మాయిలు తప్పో ఒప్పో జంకు లేకుండా ఇంగ్లీషు మాట్లాడేస్తున్నారు, ఎవరూ పక్కకు తిరిగి నవ్వడం లేదు. అది చూస్తే నాకు నిజంగానే ముచ్చటేస్తుంది. బావ పోయి చాలా ఏళ్లయింది. అక్క బడంగ్‌పేట్‌లో ఉంటోంది, నెలకోసారైనా వెళ్లి చూసి వస్తాను. మోకాళ్ల నొప్పులు, పిల్లల సంబంధాలు, ధరలు, అన్నీ మాట్లాడుకుంటాం, ఆ ఒక్క ఏడాది తప్ప. చిన్నప్పుడు అక్క ఏం చెప్పినా కళ్లు మూసుకుని ఊ కొట్టేదాన్ని. ఇప్పుడూ ఊ కొడతాను. కాకపోతే, వింటున్నంతసేపూ ఆమె ముఖం వంకే చూస్తూ ఉంటాను.