వానపెళ్లిలో నా వినిర్మాణం

ఆ రోజుల్లో మా పావగడ వైపు వాన తప్ప మిగతావన్నీ వేళకే వచ్చేవి. హొసకోట బస్సు వచ్చేది, కరువు వచ్చేది, సెలవులకు నేనూ వచ్చేవాణ్ని. బెంగళూరులో ఫిలాసఫీ ఎమ్మే చదువుతున్న నాకు అప్పుడు డీకన్‌స్ట్రక్షన్, అదే వినిర్మాణవాదం అనే జ్వరం పట్టుకుని ఉంది. మా ప్రొఫెసరు భాషాతత్వంలో దిట్ట. మాట చెల్లాలంటే మనసారా అనాలి, సందర్భం సరిగ్గా ఉండాలి, నాటకంలో చేసిన ప్రమాణం ప్రమాణమే కాదు అనేవారు. వినిర్మాణవాదులేమో, మళ్లీ మళ్లీ అనగలిగితేనే అది మాట, అలాంటిది నాటకంలోకీ పోతుంది, కాబట్టి ఉత్తుత్తికీ నిజానికీ మధ్య గోడ కట్టలేరు అనేవారు. ఆ పేరెత్తితే మా ప్రొఫెసరు అది తత్వశాస్త్రం కాదు, ఉత్త పొగ అని కొట్టిపారేసేవారు. (నేను ఆ పొగలోనే హాయిగా ఉన్నాను. సగం అర్థం కాకపోవడమే దాని అందం.)

ఆ ఏడు విత్తనపు వేరుశనగ మూటలు విప్పకుండానే జ్యేష్ఠం గడిచిపోయింది. అలాంటప్పుడు మా ఊళ్లో వాన కోసం ఇద్దరు మగపిల్లలకు పెళ్లి చేస్తారు. ఒకడికి చీర కట్టి, రెండోవాడి చేత పసుపుతాడు కట్టించి, ఊరంతా భోంచేస్తుంది. చదువుకున్నవాణ్ని కదా అని పురోహితుడి వేషం నాకిచ్చారు. పక్క ఊరి నుంచి మా మేనమామ తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆ అమ్మాయికీ నాకూ వచ్చే వారమే తాంబూలాలు. ఆమె అంటే నాకు ప్రాణం.

మంత్రాలు రావు కాబట్టి ఉపన్యాసం అందుకున్నాను. దీన్ని ఉత్తుత్తి పెళ్లి అని నవ్వుతున్నారు గానీ, నిజం పెళ్లిలో మాత్రం ఏముంది, ఎవరో ఎప్పుడో అన్న మాటల్నే మనమూ అంటాం, ఈ రెంటికీ తేడా ఉందని ఎవరూ నిరూపించలేరు అన్నాను. చీరలో ఉన్న పెళ్లికూతురు ఆవులించాడు. మామ మాత్రం తుండుగుడ్డ దులిపి లేచాడు.

"అట్లయితే మా పాపకి నువ్వు కట్టే తాళి గూడా ఇట్లాటిదేనా అల్లుడా?"

కాదంటే సిద్ధాంతం పోతుంది, అవునంటే పిల్ల పోతుంది. తేడా అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి మామా అన్నాను. (తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.) మామ ఇంకేమీ తేల్చుకోలేదు. తాంబూలాల సంగతి మళ్లీ చూద్దామని చెప్పులు తొడుక్కున్నాడు. మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు మా మరదలు చేతిలోని హారతి పళ్లెం కింద పెట్టింది.

"ఆట ఏందో, పెండ్లి ఏందో నాకు తెలుసు నాయనా. బావకి తెలీకుంటే నేను నేర్పుకుంటాలే. నువ్వు కూచో."

ఊరు ఊరంతా గొల్లుమని నవ్వింది. మామ కూర్చున్నాడు, చెప్పులు మాత్రం విప్పలేదు. తర్వాత కొద్ది రోజులకే వాన పడింది. అది ఉత్తుత్తి పెళ్లికి వచ్చిన వానా, నిజం వానా అని ఎవరూ అడగలేదు, పోయి విత్తనాలు వేసుకున్నారు.

మా పెళ్లిలో అసలు పురోహితుడు చెప్పిన సంస్కృతమంతా ఒక్క ముక్క అర్థం కాకుండానే అప్పజెప్పాను. అంత దూరం బస్సెక్కి వచ్చిన మా ప్రొఫెసరు అక్షింతలు వేసి, మనసారానే అన్నావా అని చెవిలో అడిగారు. పక్కన ఆమె తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది.

"మనసారా అన్నాను సార్. మళ్లీ మళ్లీ అనమన్నా అంటాను" అన్నాను.

ఆయన నా భుజం తట్టి భోజనానికి వెళ్లారు. ఆ తర్వాత ఎన్నేళ్లు పాఠాలు చెప్పినా, అంత మంచి మాట మాత్రం ఏ క్లాసులోనూ చెప్పలేకపోయాను.