మేనమామ పోలిక

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. బడి కూడా నన్ను ఆపడానికి పెద్దగా ప్రయత్నించలేదు. రంగులు నాకు సరిగ్గా తెలియకపోవడం చదువు తక్కువ కావడం వల్లేనని చాలా ఏళ్ళు నమ్మాను. రంగుల పాఠం చెప్పిన రోజు నేను ఏ చింతచెట్టు మీదో ఉండి ఉంటాను, మిగతా పిల్లలంతా ఆ రోజే నేర్చేసుకుని ఉంటారు, అంతే కదా అనుకునేవాణ్ణి.

అలాంటి నేను పెట్టుకున్న వ్యాపారం టెంట్ హౌస్. ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు పక్కన. షామియానాలు, కుర్చీలు, వంటగిన్నెలు, వాటితో పాటు పెళ్ళి పందిట్లో కట్టే రంగురంగుల బట్టలు. నా సంగతి నా భార్య పెళ్ళైన కొత్తల్లోనే కనిపెట్టింది. ఎర్రబట్ట తెమ్మంటే ముదురాకుపచ్చది తెచ్చి, ఎంత బాగుందో కూడా చెప్పానట. ఆమె గొడవ పెట్టుకోలేదు. బట్టల మూటల కొసలకు ముళ్ళు వేసింది. ఒక ముడి ఎరుపు, రెండు ముళ్ళు ఆకుపచ్చ, మూడు ముళ్ళు పసుపు. అప్పటినుంచి నేను కొస తడిమి రంగు చెప్పేవాణ్ణి. చూసినవాళ్ళు, ఈయన బట్టను ముట్టుకుని రంగు చెప్తాడని మెచ్చుకునేవాళ్ళు. ఊరికే వచ్చే మెప్పును నేనెందుకు కాదంటాను.

మా చెల్లెల్ని యాచారంలో ఇచ్చాం. ఆమెకు ఒక్కడే కొడుకు. వాడు పుట్టిన రోజే మా అమ్మ తువ్వాల తొలగించి చూసి తేల్చేసింది, అచ్చం మేనమామ పోలిక అని. మావైపు మగపిల్లవాడికి మేనమామ పోలిక వస్తే అదృష్టమంటారు. నిలబడ్డ చెవులు, పైకి లేచిన ఎడమ కనుబొమ్మ, నోరు తెరుచుకుని నిద్రపోవడం, అన్నీ నావే. మా చెల్లెలు ఎదురైనవాళ్ళందరికీ పిల్లవాణ్ణి అటూ ఇటూ తిప్పి చూపించేది. పక్కనే ఉన్న వాడి తండ్రి ముఖం మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా కొంచెం చిన్నబోయేది. తొమ్మిది నెలలు మోసినది ఆమె, పోలిక నాది, ఆయన వాటా ఏమిటో ఎవరూ చెప్పలేదు.

రైలు కూత వినబడని ఊళ్ళో పుట్టి కూడా వాడికి చిన్నప్పటినుంచి రైలు తప్ప ఇంకో కోరిక లేదు. డిప్లొమా చేశాడు, రావిర్యాల దగ్గర ఫ్యాక్టరీలో చేరాడు, ఆ ఉద్యోగం చేస్తూనే రైలు నడిపే ఉద్యోగానికి పరీక్ష రాసి పాసయ్యాడు. ఇక డాక్టరు పరీక్ష ఒక్కటే మిగిలింది. మా చెల్లెలు అప్పటికే ఊరంతా చెప్పుకుంది. గుండెకాయ గుర్రంలా ఉంది, కళ్ళు గద్దలా ఉన్నాయి, డాక్టరు ఏం పట్టుకుంటాడని ధీమా.

ఆ డాక్టరు పరీక్షకు వారం ముందు నాకు ఒక హల్దీ ఫంక్షన్ ఒప్పందం వచ్చింది. మా కాలంలో పెళ్ళికూతురికి పసుపు రాసి నీళ్ళు పోసేవాళ్ళు, పని అయిపోయేది. ఇప్పుడు దానికి వేరే పందిరి, వేరే బట్టలు. వచ్చినవాళ్ళంతా పసుపురంగు కట్టుకుని రావాలి, పందిరి కూడా పసుపే ఉండాలి. మర్నాడు మెహందీ. దానికి అంతా చిలకాకుపచ్చ. రెండు రంగుల్లోనూ కొత్త బట్ట తెప్పించాను. నా భార్య తన తమ్ముడికి కొడుకు పుట్టాడని మంచాల ఊరికి వెళ్ళింది. కొత్త మూటలకు ముళ్ళు లేవు. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి సాయానికి వచ్చిన మేనల్లుడు మాత్రం ఉన్నాడు.

రెండు మూటలూ వాడి ముందు విప్పాను.

"అల్లుడూ, ఇండ్ల పసుపుది ఏదిరా?"

వాడు ఒకదాని మీద చెయ్యేశాడు. "గిదే మామా."

"నాకూ గట్లనే అనిపించింది."

"అనిపించుడు ఏంది మామా, గింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంటే."

ఇద్దరు మనుషులు ఒకే మాట మీద ఉంటే ఇంక అనుమానం ఏముంటుంది? కోర్టు కూడా ఒప్పుకుంటుంది. గుంజలు పాతే కూలీలు ఇద్దరూ మా ముఖాలు చూశారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, నిచ్చెన ఎక్కారు. మధ్యాహ్నానికి పందిరి తయారైంది. నేనూ అల్లుడూ రోడ్డు మీదికి వెళ్ళి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, పసుపు ఎంత నిండుగా కుదిరిందోనని మురిసిపోయాం.

సాయంత్రం పెళ్ళికూతురి వాళ్ళు దిగారు. ఆడా మగా పిల్లా జెల్లా అందరూ పసుపు. ముందు నడుస్తున్న పెళ్ళికూతురి మేనత్త గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇది హల్దీనా, చిలకల పెండ్లా?" అంది.

నేను నవ్వాను, జోకు వేసిందనుకుని. ఆమె నవ్వలేదు. వెనక ఉన్నవాళ్ళు కూడా నవ్వలేదు. అప్పుడు కూలీల వైపు తిరిగాను.

"అరే, నాకెందుకు చెప్పలేదురా?"

"మీరిద్దరు గంత ఖాయంగ అంటుంటే, మాకే ఏమన్న అయిందేమో అనుకున్నం సేట్" అన్నారు.

మమ్మల్ని ఫోటోగ్రాఫర్ కాపాడాడు. పసుపు వెనక పసుపు ఉంటే మనుషులు గోడలో కలిసిపోతారని, ఇదే బాగా వస్తుందని వాళ్ళకు నచ్చజెప్పాడు. నిజంగానే ఫోటోలు మస్తుగా వచ్చాయి. మర్నాడు మెహందీకి పసుపు కట్టాం. ఇదంతా కావాలనే చేశామని ఇప్పటికీ నలుగురైదుగురు నమ్ముతున్నారు.

నా కూతురు మాత్రం నమ్మలేదు. డిగ్రీలో జీవశాస్త్రం చదువుతోంది. ఫోటోలు చూసిన మరుసటి రోజు పొద్దున్నే నా ముందు ఫోన్ పెట్టింది. ఆ రోజు మా చెల్లెలు కూడా యాచారం నుంచి వచ్చింది, కొడుకును చూసుకోవడానికి, మమ్మల్ని తిట్టడానికి.

ఫోన్లో గుండ్రటి బొమ్మ. లోపల అన్నీ రంగు చుక్కలు.

"బాపూ, ఇండ్ల ఏం అంకె కనిపిస్తుంది?"

"ఇరవై ఒకటి."

"బావా, నువ్వు చెప్పు."

"ఇరవై ఒకటే కదా" అన్నాడు అల్లుడు.

"అత్తా?"

"డెబ్బై నాలుగు" అంది మా చెల్లెలు.

మూలన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అమ్మకు చూపించింది. కంటి ఆపరేషన్ అయిన మా అమ్మ ఫోన్ దగ్గరికి లాక్కుని, "డెబ్బై నాలుగు. ఇంత పెద్దగ రాసినంక గూడ కనిపిస్తలేదా మీకు?" అంది.

నేనూ అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఒకరికొకరు తోడు దొరికినందుకు ముందు సంతోషం వేసింది, నిజం చెప్పొద్దూ. ఇన్నేళ్ళూ నేనొక్కణ్ణే ఇరవై ఒకటి.

మా కూతురు అప్పుడు మొదలుపెట్టింది. ఇది చదువు తక్కువై కాదు, చింతచెట్టు వల్ల కాదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా చూపించే గుణం ఒక చోట ఉంటుందట, ఎక్స్ అనే దాని మీద. ఆడవాళ్ళకు ఎక్స్‌లు రెండు, మగవాళ్ళకు ఒక్కటే. మాకు అర్థం కాలేదని చూసి, మా వ్యాపారం లోకే దిగింది.

"బాపూ, పెండ్లికి కరెంటు పెడ్తవు, జనరేటర్ పెడ్తవు. ఎందుకు?"

"కరెంటు పోతే జనరేటర్ అందుకుంటది."

"ఆడోళ్ళకు రెండూ ఉంటయి. ఒకటి చెడిపోయినా ఇంకోటి అందుకుంటది, దీపాలు ఆరయి. మగోళ్ళకు కరెంటు ఒక్కటే. అది చెడిపోతే చీకటే."

"మరి నాకు చెడిపోయింది ఎవరిచ్చిండ్రు?"

"మగపిల్లగానికి ఎక్స్ అమ్మ దగ్గర్నుంచే వస్తది. అమ్మ దగ్గర ఉన్న రెండిట్ల ఒకటి. మంచిదన్న రావొచ్చు, చెడిపోయిందన్న రావొచ్చు. ఎవరి చేతుల్ల లేదు."

చిక్కుడుకాయలు ఆగాయి. మా అమ్మ తల ఎత్తింది. ఇంట్లో ఎవరి చీరకు ఏ జాకెట్టు నప్పుతుందో చెప్పేది ఆమే. ఇబ్రహీంపట్నంలో బట్టల దుకాణం వాళ్ళు ఆమెను చూస్తే భయపడతారు. ఆ మహాతల్లి దగ్గర్నుంచి నాకు ఈ ఆస్తి వచ్చిందంటే నాకే నవ్వాగలేదు.

"మా నాయినకు గిట్లనే ఉండె" అంది అమ్మ, నెమ్మదిగా. "టమాటలు తెంపనీకి పోతె పచ్చివన్ని తెంపుకొస్తుండె. మా అమ్మ ఆయనను చేన్లకు రానియ్యకపోతుండె. సోమరోడు, కావాల్నని చేస్తుండని తిడుతుండె."

పాపం, చనిపోయేదాకా ఆయన సోమరిగానే బతికాడు. అంటే ఆ తాత అమ్మకు ఇచ్చాడు, ఆడపిల్లకు ఇవ్వడానికి ఆయన దగ్గర ఉన్నది అదొక్కటే. అమ్మ నాకు ఇచ్చింది. అమ్మ దాన్నే మా చెల్లెలికీ ఇచ్చింది, ఆమెకు జనరేటర్ ఉంది కాబట్టి తెలియలేదు. ఆమె కొడుకుకు ఇచ్చింది. మేనమామ పోలిక అని పాతికేళ్ళుగా అందరికీ చూపించుకుంటున్నది చెవులనే, కానీ అసలు పోలిక కళ్ళల్లో ఉంది.

మా చెల్లెలికి ఆ లెక్క మాకంటే ముందే అందింది. ముఖం పాలిపోయింది.

"అంటే రైలు..." అంది.

ఎర్రదీపం, ఆకుపచ్చదీపం. అల్లుడు కిటికీ బయటికి చూస్తున్నాడు.

నా బుర్రకు ఏడుపు ఇల్లు పడదు. అందుకే అన్నాను, "అయితే నా బిడ్డకూ ఒకటి చెడిపోయిందే ఉన్నట్టు కదా, నేనే ఇచ్చి ఉంటిని." మా చెల్లెలికి నా కూతుర్ని కోడలిగా చేసుకోవాలని ఎప్పటినుంచో ఆశ. నా కూతురు ఆ మాటను గాలిలోనే పట్టుకుంది. "అవ్, అందుకే అత్తా, నేను బావను చేసుకుంటే రేపు ఆడపిల్లలకు గూడ ఇరవై ఒకటే కనిపించొచ్చు. వాళ్ళకు జనరేటర్ గూడ చెడిపోయిందే రావొచ్చు." అల్లుడు నవ్వేశాడు. వాడికీ మరదలంటే ఆ ఉద్దేశం లేదు, తప్పించుకోవడానికి ఇంత మంచి సాకు ఇద్దరికీ ఇంతవరకూ దొరకలేదు.

మా చెల్లెలు మాత్రం ఓడిపోయే మనిషి కాదు. "బొమ్మలు కంఠస్థం చేస్తే?" అంది. ఆ ఐడియా నా బుర్రలోకి వచ్చి ఉన్నా ఇంత సిగ్గు లేకుండా నేను కూడా అనేవాణ్ణి కాదు. ఫోన్లో ఆ చుక్కల బొమ్మలన్నీ తీసింది. ఆమె అంకె చెప్పేది, వాడు నేర్చుకునేవాడు. ఈ మూల కొంచెం మసక ఉంటే నలభై ఐదు, ఆ మూల నల్లచుక్క ఉంటే డెబ్బై నాలుగు. నేను పక్కన కూర్చుని తప్పులు దిద్దేవాణ్ణి, అంటే ఇంకా తప్పు చేసేవాణ్ణి. మూడు రోజుల్లో వాడు అందరికంటే బాగా చూసేవాడయ్యాడు, కనిపించడం ఒక్కటే తక్కువ.

డాక్టరు పరీక్షకు వాడితో నేనే వెళ్ళాను. సిటీ బస్సులో వాడు ఒక్క అంకె కూడా చదువుకోలేదు. సిగ్నల్ దగ్గర బస్సు ఆగినప్పుడు మాత్రం అడిగాడు.

"మామా, నువ్వు బండి ఎట్ల నడుపుతవు?"

"పైనది వెలిగితే ఆగుడు, కిందిది వెలిగితే పోవుడు."

"పట్టాల మీద రాత్రి ఒక్క దీపమే దూరంగ కనిపిస్తే?"

కిందిది వెలిగింది, బస్సు కదిలింది.

వాణ్ణి లోపలికి పిలిచారు. తలుపు సగం తెరిచే ఉంది. డాక్టరు పుస్తకం తెరిచి ఒక పేజీ చూపించాడు. నల్లచుక్క ఉన్న పేజీ. మా చెల్లెలు వాడితో అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పించినది.

వాడు దాని వైపు చూశాడు. "ఇరవై ఒకటి సార్" అన్నాడు.

డాక్టరు తలెత్తి చూశాడు. ఇంకో పేజీ. "ఏం కనిపిస్తలేదు సార్." తర్వాత చీకటి గదిలో దీపాలు చూపించాడు. వాడు కొన్నిటికి ఎరుపన్నాడు, కొన్నిటికి తెలియదన్నాడు.

"మీ ఇండ్ల ఇంకెవరికన్న ఉందా?" అని అడిగాడు డాక్టరు.

"మా మేనమామకు ఉంది సార్. బయట కూసున్నడు." ఆ గొంతులో గర్వం నా చెవులారా విన్నాను.

డాక్టరుకు సరదా పుట్టింది. నన్ను లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. అవే పేజీలు, అవే దీపాలు. వాడు తప్పు చెప్పిన ప్రతిదీ నేను కూడా తప్పే చెప్పాను, అదే తప్పు, అదే వరసలో. చివరికి డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "మీ ఇద్దరు జమిలిగ చదువుకొని వచ్చిండ్రా?" అన్నాడు. అల్లుడు పగలబడి నవ్వాడు. ఉద్యోగం చేజారిన గదిలో అలా నవ్వినవాణ్ణి ఆయన ఎప్పుడూ చూసి ఉండడు.

బయట మెట్ల మీద కూర్చున్నాం. వాడే వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు.

"అమ్మా, కాలేదు. నేర్చుకున్నదంత యాదికున్నది. చెప్పబుద్ధి కాలే."

"ఫోన్ మామకియ్యి" అంది అవతల నుంచి మా చెల్లెలు.

"అన్నా, నేనే ఇచ్చిన్నా వానికి?"

"నువ్వు చూసి ఇచ్చినవా? రెండుంటే ఒకటి పోయింది. నీ చేతుల్ల ఏముంది చెల్లె."

"ఇంకేం ఇచ్చిన్నో ఏమో."

"అబద్ధం నోట్లకు రాని గుణం గూడ వానికొచ్చింది. అది నా దగ్గర్నుంచైతే రాలేదు."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే నన్ను ఒక తిట్టు తిట్టింది. రైల్వేలోనే దీపాలతో పని లేని ఇంకో ఉద్యోగానికి వాడు ఏ నెలలో దరఖాస్తు పెట్టాలో అప్పుడే అడిగేసింది. వాడు ఆమెకు వినబడేటట్టు పక్కనుంచి జవాబిచ్చాడు.

"వచ్చే నెల అమ్మా. అండ్ల టికెట్లు చూసుడే. టికెట్ మీద అంకెలు నల్లగుంటయి."