చెరో గ్లాసు

ఆవిడ బరువు తగ్గించే కేంద్రంలో సలహాదారు. పగలంతా వెన్న మహాపాపమని బోధించి, సాయంత్రం ఇంటికొచ్చి మీగడ, ఐస్‌క్రీం, వేరుశనగ ముద్ద, రెండు అరటిపళ్లు మిక్సీలో వేసి తిప్పేది. తొమ్మిదేళ్ల కూతురికి సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుజబ్బు. తిన్నది ఒంటికి పట్టదు. నెలాఖరుకి అరకిలో పెరగకపోతే కడుపులోకి గొట్టం వేసి ఆహారం పంపాల్సిందేనన్నాడు డాక్టరు.

కూతురు అరుగుదల మాత్రలు మింగి, గ్లాసు వంక చూసి షరతు పెట్టింది. "నువ్వూ తాగితేనే!"

"నాకెందుకే తల్లీ?"

"మరి నాకెందుకు?"

దీనికి వైద్యశాస్త్రంలో జవాబుంది గానీ ఆ వంటింట్లో లేదు. ఆ రోజు నుంచి చెరో గ్లాసు. తల్లి ఒళ్లు మాత్రల సాయం అడగలేదు, చుక్క కూడా వృథా పోనివ్వలేదు.

నెలాఖరున పాప ఆరువందల గ్రాములు పెరిగింది. డాక్టరు గొట్టం మాటెత్తలేదు. తల్లి నాలుగు కిలోలు పెరిగింది.

మర్నాడు కేంద్రానికి వచ్చిన ఓ లావుపాటావిడ సలహాదారుని ఎగాదిగా చూసింది. "ఏంటి మేడమ్, మాచేత మాన్పించిన వెన్నంతా మీరే తింటున్నారా?"

"డాక్టరుగారి సలహా ప్రకారమేనండీ," అని గంభీరంగా బదులిచ్చి, సలహాదారు తెల్లకోటు బొత్తాం ఒకటి విప్పుకుని, వెన్న మహాపాపమని మొదలుపెట్టింది.