జీడితొక్కల మీద స్కేట్ బూట్లు

2002 ఏప్రిల్‌లో మా కంపెనీ నన్ను డ్యూటీ మీద పలాస పంపింది. చెన్నై శివార్లలో ఎగుమతికి బూట్లు కుట్టే ఫ్యాక్టరీ మాది. అందులో నేను సీనియర్ పాటర్న్ మాస్టర్ని. డిజైనరు కాగితం మీద గీసిన బొమ్మను తోలు ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క ఎక్కడ అతకాలో, కుట్టు ఎటు నడవాలో తేల్చడం నా పని. డిజైనరు హోదా వేరు, గది వేరు, ఆ గదిలో చల్లదనం కూడా వేరు. అలాంటిది ఆ ఏడాది మొట్టమొదటిసారి నా సొంత డిజైన్ ఒకటి శాంపిల్ దశకు చేరింది.

అది స్కేట్ బూటు. చక్రాల పలక మీద నిలబడి గెంతే ఆట కోసం చేసేది. ఈ రకం బూట్లు చాలావరకు బాస్కెట్‌బాల్, టెన్నిస్ బూట్ల పోలికలతో వచ్చినవే. నేను టెక్కలిలో చదువుకునే రోజుల్లో వాలీబాల్ పిచ్చోణ్ని కాబట్టి ఆ బూటునే నమూనాగా తీసుకున్నాను. తేనెరంగు రబ్బరు అడుగు, పల్చటి మడమ, ముందు భాగంలో నూగు తోలు. మా విదేశీ కొనుగోలుదారు దాన్ని చూసి, సేకరించేవాళ్ల కోసం కొద్ది జతలే చేయిద్దామన్నాడు. బూట్లు కొని, కాలికి తొడక్కుండా అట్టపెట్టెలో దాచుకుని మురిసిపోయే మహానుభావులు ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. అయినా సరే, అరుగుదల పరీక్ష నెగ్గితేనే ఆర్డరు. నెగ్గకపోతే డిజైన్ చెత్తబుట్టకే, నాకు ఇంకో అవకాశం ఉండదని మా చీఫ్ మొహం మీదే చెప్పారు.

చిక్కల్లా ఆ పరీక్షతోనే. స్కేట్ ఆటగాడు గెంతేటప్పుడు పాదాన్ని వాలుగా పెట్టి పలక మీద ఈడుస్తాడు. పలక పైన ఎమరీ కాగితం లాంటి గరుకు పొర అంటించి ఉంటుంది. అందుకని చిటికెనవేలి వైపు తోలూ కుట్టూ ముందు పోతాయి. మా ల్యాబులోని యంత్రానికి అడుగుభాగాన్ని అరగదీయడం ఒక్కటే వచ్చు. స్కేట్ ఆడేవాడి కోసం చుట్టుపక్కల భూతద్దం పెట్టి వెతికినా దొరకలేదు. అప్పుడు పలాస జీడి కార్ఖానాలు గుర్తొచ్చాయి. సిమెంటు కళ్లంలో ఆరబోసిన జీడిపిక్కలను అక్కడి పనివాళ్లు పాదం వాలుగా ఈడుస్తూ, చాళ్లు తీస్తూ తిరగేస్తారు. అదే వాలు, అదే ఈడ్పు! మా అక్క మొగుడు నరసింగరావు అక్కడొక కార్ఖానాలో సూపర్‌వైజరు. ఎగిరి గంతేసినంత పని చేసి ఫోన్ అందుకున్నాను.

బావ సాయంతో కళ్లం పనివాళ్లకు ఒక డజను జతలు పంచాను. రోజూ పనికి ఇవే తొడుక్కు రమ్మన్నాను. పరీక్ష చేసేవాడు ఎదురుగా నిలబడితే జనం ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుస్తారు. అందుకని దూరంగా ఉండాలన్నది మా వృత్తిలో నియమం. నేను నియమం తప్పే మనిషిని కాను. కవిటిలో మా పెద్దమ్మ ఇంటికి పోయి వారం రోజులు కొబ్బరినీళ్లు తాగుతూ దూరంగానే ఉన్నాను.

తిరిగొచ్చి చూస్తే కళ్లం గట్టు మీద బూట్లన్నీ వరసగా తళతళలాడుతున్నాయి. పనివాళ్లందరూ ఉత్త కాళ్లతో పిక్కలు తిరగేస్తున్నారు. ఒక బూటు తీసి తిప్పి చూశాను, గీత కూడా లేదు. కళ్లం మేస్త్రి ఎర్రమ్మ మాత్రం మెప్పు కోసం చూస్తున్నట్టు నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఏటి బాబూ, అలగ సూత్తన్నారు? సెప్పినట్టే రోజూ ఎట్టుకుని వత్తన్నాం. కళ్లం కాడ ఇప్పేత్తన్నాం. పిక్కలంటే నచ్చిమి కదేటి, బూట్లెట్టుకుని ఎలగ తొక్కుతాం? ఒక్క మచ్చైనా పడనిచ్చామేటో సూడండి!"

గింజ లక్ష్మి కాబట్టి వడ్ల కళ్లంలో చెప్పులతో అడుగు పెట్టరని నాకు తెలుసు. సిమెంటు వేసిన కార్ఖానా కళ్లానికీ ఆ మర్యాద ఉంటుందని తట్టలేదు. బావ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇవి అరగకపోతే నా డిజైన్ గంగలో కలుస్తుందని ఎర్రమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. మరి పాదానికి ఏదైనా తొడుక్కుని చేసే పని మీకు ఏదీ లేదా అని అడిగాను.

"తొక్కల కాడ ఉంది కదేటి," అంది ఆవిడ. "ఆటికి మర్యాదేటి? కాలికి తగిల్తే బొబ్బలే. గోనె సుట్టుకునే తిరగేత్తాం."

పప్పు తీసేసిన తొక్కలను వెనక పెరట్లో ఎండబోసి, నూనె తీయడానికి పంపుతారు. ఆ నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. తొక్క అంచు పిక్క కంటే పదునుగా ఉంటుంది. స్కేట్ పలక దీని ముందు బలాదూర్. మర్నాడు పొద్దున్నే డజను మందీ గోనెలు విప్పి బూట్లు తొడిగారు. చీరలు ఎగ్గట్టి, వరస కట్టి, ఎర్రమ్మ ముందు నడవగా పెరడంతా చాళ్లు తీశారు. "ఓలమ్మోలమ్మ, మేస్త్రమ్మ ఈరోయిన్నాగున్నాదర్రా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఎర్రమ్మ నడుం మీద చెయ్యేసుకుని ఒక చుట్టు తిరిగి చూపించింది. నవ్వీ నవ్వీ నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

నాలుగు రోజులకే నా తప్పు బయటపడింది. అన్ని బూట్లలోనూ చిటికెనవేలి దగ్గర కుట్టే తెగింది. తోలు నల్లబడింది గాని చిరగలేదు, అడుగు జారలేదు. ఆ కుట్టును రెండు వేళ్లు వెనక్కి జరిపి, ముందు భాగాన్ని అతుకు లేని ఒకే ముక్కగా కత్తిరించి, కొత్త జతలు తెప్పించాను. అవి ఆ తొక్కల మీద వారం పైగా నిలిచాయి. మా చీఫ్ నల్లబడ్డ బూట్ల మూతులు చూసి ముక్కు మూసుకున్నారు. కొనుగోలుదారుకు ఆ రంగే నచ్చింది. ముందు భాగం ఆ జీడినలుపులోనే కావాలన్నాడు. ఆర్డరు వచ్చిన రోజు నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

ఫ్యాక్టరీ నుంచి తయారైన మొదటి జతలను పరీక్షలో నడిచిన అందరికీ పంపించాను. తర్వాత పలాస వెళ్లినప్పుడు ఎర్రమ్మ ఇంటికి తీసుకెళ్లి చూపించింది. దేవుడి పటాల కింది గూట్లో, పెట్టె మూత తీసి, కొత్త జత. ఇంకా తొడగలేదేమని అడిగాను. "తొక్కల మీదకి ఆ పాతయ్యి సాలు బాబూ. ఇయ్యి సూసుకోడానికి," అంది. మిగతా ఇళ్లలోనూ అదే సంగతి. నాకు తెలిసి ఈ దేశపు తొలి బూట్ల సేకర్తలు వాళ్లే.

ఆ తర్వాత నా కింద పనిలో చేరినవాళ్లకు పాదం కొలత తీయడం కంటే ముందు ఒక ప్రశ్న నేర్పాను. బూటు పరీక్షకు ఇచ్చేటప్పుడు, ఆ మనిషి దాన్ని ఎక్కడెక్కడ విప్పుతాడో అడగాలి.